ఫాల్గుణం తుమ్ములు

"తాతా, జలుబైతే జ్వరం రావాలి కదా? శివరాత్రి నుంచి నాకు జ్వరమే లేదు, ముక్కు మాత్రం ఆగట్లా. ఇదేం జలుబు?"

మంచి ప్రశ్న వేశావమ్మాయ్. సగం జవాబు నీ ప్రశ్నలోనే ఉంది. జలుబు వైరస్ వల్ల వస్తుంది. రెండు మూడు రోజులు ముదిరి, వారం పది రోజుల్లో దానంతటదే పోతుంది. గొంతునొప్పి, ఒళ్ళునొప్పులు, కాస్త జ్వరం తోడొస్తాయి. పోను పోను చీమిడి చిక్కబడుతుంది. నీకు అలా లేదు. వరసబెట్టి తుమ్ములు, నీళ్ళలాగా కారే ముక్కు, అంగిట్లో దురద, రెండు కళ్ళూ ఎర్రబడి నలుపుకోవాలనిపించటం. ఇంత దురద ఉన్నప్పుడు ముందు అలర్జీనే అనుమానించాలి. పోయిన సంవత్సరం కూడా నీకిది శివరాత్రి దాటాకే పట్టుకుందని మీ అమ్మ చెప్పింది. ఏటా ఒకే కాలంలో వస్తోందంటే ఆ కాలంలో గాల్లోకి ఏదో వస్తోందన్నమాట.

"పూల వల్లేనా? నల్లమలంతా మోదుగు పూసింది. మన వీధిలో వేపలు పూతకొచ్చాయి."

అందరూ ముందు ఆ రెండింటి మీదే పడతారు. గిద్దలూరు దాటి నంది కనుమ ఎక్కుతుంటే ఈ కాలంలో మోదుగు చెట్లు ఒక్క ఆకు లేకుండా ఒళ్ళంతా ఎర్రగా కనిపిస్తాయి కదా. అంత రంగు, అంత తేనె ఎందుకు పెట్టుకుందంటావ్? పిట్టల్ని పిలవటానికి. పిట్టలు, తేనెటీగలు మోసే పుప్పొడి జిగటగా, బరువుగా ఉంటుంది. వాటి ఒంటికి అంటుకోవాలి గాని గాల్లో ఎగిరితే చెట్టుకే నష్టం. మామిడి పూత, వేప పూత కూడా ఎక్కువగా ఈగల్నీ తేనెటీగల్నీ నమ్ముకున్నవే. పూత మీదున్న చెట్టు కిందే మంచం వేసుకునేవాళ్ళ సంగతి వేరు. మామూలుగా అయితే వాటిని చూసి భయపడక్కర్లేదు. ఉగాది పచ్చడిలో వేపపువ్వు నువ్వు నిక్షేపంగా తిను.

గాలిని నమ్ముకున్న చెట్లకు రంగూ వాసనా దండగ. వాటి పూత ఎదురుగా ఉన్నా అది పూతని మనం గుర్తుపట్టం. గాలికి గురి ఉండదు కాబట్టి ఆ చెట్లు లెక్కలేనంత పుప్పొడి వదులుతాయి. అందులో ఏ కొంచెమో చేరాల్సిన పూవుకు చేరుతుంది. మిగిలిందంతా మిద్దెల మీదా, కంభం చెరువులోనూ, మన ముక్కుల్లోనూ పడుతుంది. ఒక్కో రేణువు మిల్లీమీటరులో ముప్పయ్యో వంతు ఉంటుంది, కొన్ని ఇంకా చిన్నవి. వెంట్రుక మందంలో సగమన్నా ఉండదు.

మన వైపు నేను ముందుగా అనుమానించే చెట్టు నెమలినార. కొండవాలుల్లో, రోడ్ల పక్కన, పాత బావుల దగ్గర ఉంటుంది. బిళ్ళల్లాంటి పల్చటి కాయలు గాలికి ఎగిరొస్తాయి, చిన్నప్పుడు మేం వాటిని ఒలిచి లోపలి పప్పు తినేవాళ్ళం. పుష్యం, మాఘాల్లో ఆకంతా రాల్చేసి, మోడు మీదే పూస్తుంది. ఆకు అడ్డం లేకపోతే పుప్పొడికి దారి సుళువు కదా. మన దేశంలో అలర్జీ డాక్టర్లు చర్మపరీక్షకు పెట్టుకునే పుప్పొడి రకాల్లో దీనికి ముందు వరసలో చోటుంది.

రెండోది చిల్లచెట్టు, అదే సర్కారు తుమ్మ. మార్కాపురం నుంచి ఎటు పోయినా, గుండ్లకమ్మ ఒడ్డున, చెరువు కట్టల మీద, బీళ్ళలో అదే. పసుపు పచ్చటి చిన్న కంకుల్లాగా పూస్తుంది. ఇది రెండు చేతులా సంపాదించే రకం. తేనెటీగలకూ ఇస్తుంది, గాలికీ వదులుతుంది. దీని కథ మన పక్క జిల్లాలోనే మొదలైంది తెలుసా? 1876లో మద్రాసు అటవీశాఖలో కర్నల్ బెడ్డోమ్ అనే అధికారి, ఎండు నేలల్లో వంటచెరుకు కోసం ఈ విత్తనాలు తెప్పించమని పైవాళ్ళకు రాశాడు. 1877లో జమైకా నుంచి వచ్చిన విత్తనాలను కడప జిల్లా కమలాపురంలో నాటారు. ఆ బెడ్డోమ్ చెట్లంటే ప్రాణమిచ్చే మనిషి. శేషాచలం కొండల్లో పెరిగే ఒక అరుదైన సైకస్ మొక్కకు శాస్త్రవేత్తలు ఆయన పేరే పెట్టారు. కరువు సీమలో పేదల పొయ్యిలోకి కట్టెలు దొరకాలని చేసిన పని అది. కట్టెలు దొరికాయి, బొగ్గుల బట్టీలతో ఎన్నో కుటుంబాలు బతికాయి. చెట్టు మాత్రం కంచె దాటి దేశమంతా పాకింది. జపాన్‌లోనూ ఇదే జరిగింది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత బోడి కొండల మీద సుగి అనే దేవదారు లాంటి చెట్లను విస్తారంగా నాటారు. అవి ఎదిగి పుప్పొడి వదలటం మొదలుపెట్టాక, ఇప్పుడు అక్కడ జనంలో మూడో వంతుకు పైగా ఏటా వసంతంలో ముక్కు చీదుతున్నారు. ఒకే జాతి చెట్టును అంత నేలలో నింపితే దాని పుప్పొడే గాలంతా నిండుతుంది.

మూడోది వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అంటారే, అది. 1955 ప్రాంతంలో పుణె దగ్గర మొదట కనిపించింది. ఇప్పుడది లేని ఊరు చూపించలేం. తెల్లటి చిన్న పూలు, క్యారెట్ ఆకులాంటి ఆకు. ఒక్క మొక్క పదిహేను, ఇరవై వేల విత్తనాలు రాలుస్తుంది, పుప్పొడి కోట్లలో వదులుతుంది. తడి ఉంటే ఏడాది పొడుగునా పూస్తుంది గనక దీనికి ఫాల్గుణమే కావాలని లేదు. పైగా ఆకులోనూ కాండంలోనూ పార్థెనిన్ అనే విషపదార్థం ఉంది, అది తగిలి చర్మం దద్దురెక్కి నల్లబడి పగిలిన కూలీలను మనం చూస్తూనే ఉన్నాం. బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పి.వి. సుబ్బారావు గారి బృందం 1980ల నుంచి దీని పుప్పొడి మీద పనిచేసింది. వాళ్ళు తేల్చినవాటిలో నాకు నచ్చింది ఒకటుంది. అమెరికాలో ర్యాగ్‌వీడ్ అనే కలుపు మొక్క ఉంది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా అక్కడివాళ్ళను తుమ్మించేది అదే. అది వయ్యారిభామకు దగ్గరి చుట్టం. ఒకదాని మీద పగబట్టిన ఒళ్ళు రెండోదాన్ని చూసినా కయ్యానికి దిగుతుంది. డాలస్‌లో మీ చిన్నమ్మ, ఇక్కడున్నప్పుడు లేని తుమ్ములు అక్కడికి పోయాక వచ్చాయంటుంది కదా. దానికి బీజం ఇక్కడే పడి ఉండొచ్చు.

ఇవిగాక గడ్డిజాతులున్నాయి, ఈతచెట్లున్నాయి, ఆముదం ఉంది, ముళ్ళతోటకూర ఉంది. గడ్డి జోరంతా వానలు వెనకబట్టాక, కార్తీకం వైపు. కాబట్టి దసరా దాటాక తుమ్మేవాడికీ, ఉగాదికి ముందు తుమ్మేవాడికీ కారణం ఒకటే అయి ఉండదు.

"అంత చిన్న పొడి ఏం చేస్తుంది తాతా? అదేమన్నా విషమా?"

విషం కాదు, క్రిమి కాదు. అమాయకమైనది. గోలంతా మన ఒంటిది. నల్లమల అంచున చేలకు రాత్రిళ్ళు అడవిపందులు రాకుండా కాపలా ఉంటుంది చూడు. మంచె మీదున్న మనిషి ఒకసారి చీకట్లో తప్పిపోయిన దూడను చూసి పందనుకున్నాడు. అప్పటినుంచీ చేను చుట్టూ ప్రతి గట్టు మీదా ఒక మనిషిని పెట్టి, చేతికి టపాసులిచ్చి, దూడ అడుగుల చప్పుడు వినపడితే చాలు కాల్చెయ్యమన్నాడు. మళ్ళీ దూడ వచ్చిన రోజు టపాసులన్నీ ఒక్కసారే పేలాయి, మనుషులు అడ్డదిడ్డంగా పరిగెత్తి చేనంతా తొక్కేశారు. దూడ తిన్నది గుప్పెడు. ఒంట్లో జరిగేదీ ఇదే. పుప్పొడి రేణువు ముక్కులో తడికి తగలగానే దానిలోని ప్రొటీన్లు నిమిషాల్లో కరుగుతాయి. కొందరి ఒళ్ళు వాటిని శత్రువనుకుని, వాటి కోసమే ఐజీఈ అనే ప్రతిరక్షకాలు తయారుచేస్తుంది. అవి ముక్కు పొరలో మాస్ట్ కణాల మీద ఎక్కి కూర్చుంటాయి. ఆ కణాల కడుపులో హిస్టమిన్ మూటలుంటాయి. మళ్ళీ అదే పుప్పొడి వస్తే మూటలు విప్పుతాయి. హిస్టమిన్ నరాలను కెలికితే దురద, తుమ్ము. రక్తనాళాలను వదులు చేస్తే నీరు, వాపు. కొన్ని గంటల తర్వాత ఇంకో దఫా వాపు వస్తుంది, పగలు కారిన ముక్కు రాత్రి బిగుసుకోవటం అందుకే. ఈ ఐజీఈని 1966లో అమెరికాలో పనిచేస్తున్న జపాన్ దంపతులు ఇషిజాకాలు పట్టుకున్నారు. ఆ మరుసటేడే స్వీడన్‌లో జొహాన్సన్, బెనిక్ విడిగా పట్టుకున్నారు.

మొదటిసారి పుప్పొడి తగిలినప్పుడు కాపలా ఏర్పాటు మాత్రమే జరుగుతుంది, తుమ్ములు రావు. ఏళ్ళు పట్టొచ్చు కూడా. అందుకే "పుట్టినప్పటి నుంచి ఇక్కడే ఉన్నాను, ఇప్పుడెందుకొచ్చింది?" అని చాలామంది ఆశ్చర్యపోతారు. అమ్మానాన్నల్లో ఉబ్బసమో, అలర్జీయో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం ఎక్కువ.

పుప్పొడే కారణమని మొదట రుజువు చేసిన మనిషి కథ విను, నీకు పనికొస్తుంది. 1819లో లండన్‌లో బొస్టాక్ అనే డాక్టరు తనకే వచ్చే ఈ వేసవి జబ్బును డాక్టర్ల సభలో వివరించాడుగాని కారణం అందలేదు. ఎండ అన్నారు, ఎండుగడ్డి అన్నారు. మాంచెస్టర్‌లో చార్లెస్ బ్లాక్లీ అనే డాక్టరుకూ ఇదే జబ్బు. ఆయన ఊరికే కూర్చోలేదు. పుప్పొడిని తన ముక్కులో పెట్టుకుని చూశాడు, చేతి మీద చర్మం గీరి అద్దుకుని చూశాడు. దద్దురు లేచింది. ఈ రోజుకీ ఆసుపత్రుల్లో చేసే చర్మపరీక్షకు మూలం అదే. జిగట పూసిన గాజుపలకలు గాలిలో పెట్టి, వాటి మీద పడ్డ రేణువులు లెక్కపెట్టి, ఏ రోజు ఎన్ని ఉంటే తనకు ఎంత బాధ ఉందో రాసుకున్నాడు. గాలిపటాలకు ఆ పలకలు కట్టి వెయ్యి అడుగుల పైకి పంపాడు. అక్కడా పుప్పొడి ఉంది! అదంతా 1873లో పుస్తకంగా వేశాడు.

మన మార్కాపురానికి ఏ రోజు గాల్లో ఏ పుప్పొడి ఎంతుందో చెప్పేవాళ్ళు లేరు. మన క్యాలెండరు మనమే రాసుకోవాలి. ఒక నోటు పుస్తకం పెట్టు. తారీఖు, గాలి ఎటునుంచి, ఏ చెట్టు పూతలో ఉంది, తుమ్ములు ఎప్పుడు, ఎక్కడున్నప్పుడు. రెండు సీజన్లు రాస్తే మూడో ఏటికి నీ శత్రువెవరో నీకే తెలుస్తుంది. ఆ పుస్తకం తీసుకుపోతే డాక్టరుకు సగం పని తప్పుతుంది.

రాసేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. తుమ్మిందల్లా పుప్పొడి కాదు. యర్రగొండపాలెం, దోర్నాల వైపు మిరపకాయలు కళ్ళాల్లో ఆరబోసే రోజులు కూడా ఇవే. మిరప ఘాటు అలర్జీ కాదు. కాప్సైసిన్ నేరుగా నరాల కొనల మీద వేడిని పసిగట్టే తలుపును తెరుస్తుంది, అది ఎవరికైనా తగులుతుంది. ఆ తలుపును కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ ఇచ్చారు. కంది నూర్పిళ్ళ దుమ్ము, బొగ్గుబట్టీల పొగ కూడా ముక్కును గీరుతాయి. ఇక పలకల కార్ఖానాల దుమ్ము మాట వేరు. అది రాయి. అందులోని సిలికా ఊపిరితిత్తుల అడుగున పేరుకుని మచ్చలు పెడుతుంది, తుమ్ముల బిళ్ళ దాన్ని ఏమీ చేయలేదు. పలకల పనివాళ్ళలో దగ్గూ ఆయాసమూ ఉన్నవాళ్ళను "అలర్జీలే" అని సరిపెట్టకుండా ఎక్స్‌రే తీయించాలి. ఆ మాట నేను ఎవరికైనా గట్టిగానే చెబుతాను.

"మరి ఇప్పుడు నేనేం చెయ్యాలి? బడి మానేయనా?"

బడి ఎందుకు మానాలి? చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. ఎండెక్కి మంచు ఆరుతుండగా చాలా మొక్కలు పుప్పొడి వదులుతాయి. పొడిగా ఉండి గాలి వీచే పూట ఎక్కువ. అలాంటప్పుడు మాస్కు, కళ్ళజోడు పెట్టుకుని పో. బయట నుంచి రాగానే మొహం, చేతులు కడుక్కుని బట్టలు మార్చు. పుప్పొడి జుట్టులో దాక్కుంటుంది, రాత్రి దిండు మీదికి దిగుతుంది. అందుకని ఈ రెండు నెలలు పడుకోబోయే ముందు తలకు నీళ్ళు పోసుకోవటం మంచిది. మన వైపు ఎండలు ముదరగానే మిద్దె మీదా, ఆరుబయటా మంచాలేసుకుంటాం. నీకు మాత్రం కొన్నాళ్ళు ఇంట్లోనే పక్క. దుప్పట్లు ఈ కాలంలో మిద్దె మీద ఆరేయొద్దని మీ జేజికి చెప్పాను. ఇల్లు చీపురుతో ఊడిస్తే కింద పడ్డది మళ్ళీ లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి.

వాన పడితే గాలి కడిగినట్టవుతుంది. అయితే ఉరుముల వాన మొదలయ్యే ఆ కాసేపు ఉబ్బసం ఉన్నవాళ్ళు బయట ఉండకూడదు. తడికి గడ్డి పుప్పొడి పగిలి, ఊపిరితిత్తుల లోపలికి దూరేంత చిన్న ముక్కలవుతుంది. 2016 నవంబరు 21 సాయంత్రం ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నగరంలో ఇలాంటి గాలివాన తర్వాత వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరిగెత్తారు, పదిమంది చనిపోయారు.

ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోవటం మంచి పని, ఖర్చు లేదు. పావు లీటరు నీళ్ళకు అర చెంచా కన్నా కాస్త తక్కువ ఉప్పు, చిటికెడు వంటసోడా. నీళ్ళు మాత్రం బాగా మరగబెట్టి చల్లార్చినవే కావాలి. బోరు నీళ్ళయినా, క్యాన్ నీళ్ళయినా మరగకుండా ముక్కులోకి పోనివ్వొద్దు. అరుదుగా అందులో ఉండే ఒక రకం అమీబా ముక్కు దారిన మెదడుకెక్కితే మనిషి దక్కడం కష్టం.

మందుల సంగతి డాక్టరు చెప్పాలి, నేను చెప్పేది అవి ఎలా పనిచేస్తాయన్నంత వరకే. హిస్టమిన్‌ను అడ్డుకునే బిళ్ళలు తుమ్ముకూ దురదకూ బాగా పనిచేస్తాయి, ముక్కు బిగుసుకోవటానికి అంతగా కాదు. సెట్రిజిన్ కొందరికి నిద్ర తెస్తుంది. అది వేసుకుని మీ మామ మోటారుసైకిల్ మీద నంది కనుమ ఘాట్ దిగుతానంటే నేనొప్పుకోను. ఫెక్సోఫెనడిన్‌కు నిద్ర తక్కువ, కాని బత్తాయి రసంతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు, నీళ్ళతోనే వేసుకోవాలి. ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే అన్నిటికన్నా గట్టి మందు. కొట్టగానే ఏమీ తెలియదు, రోజూ కొడితే కొన్ని రోజులకు పట్టు దొరుకుతుంది. అందుకే సీజన్‌కు ఒకటి రెండు వారాల ముందే మొదలుపెట్టిస్తారు. కుడి చేత్తో ఎడమ రంధ్రంలో, ఎడమ చేత్తో కుడి రంధ్రంలో, చెవి వైపు గురిపెట్టి కొట్టాలి. నడిమి గోడకు తగిలితే నెత్తురొస్తుంది. స్టెరాయిడ్ అనగానే బెదిరిపోయేవాళ్ళున్నారు. ఆ స్ప్రేలో ఉండేది మైక్రోగ్రాముల్లో. బెదరాల్సింది "ఒక్క సూది వేయించుకుంటే సీజనంతా నిశ్చింత" అని తుంటికి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్‌కు. అది ఒళ్ళంతా పాకి చక్కెర పెంచుతుంది, ఎముకలు గుల్ల చేస్తుంది, మన సొంత హార్మోన్‌ను అణుస్తుంది. ఏటా అలా సూదులు వేయించుకుంటున్న వాళ్ళు మన ఊళ్ళల్లో ఉన్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. ముక్కును వెంటనే తెరిచే చుక్కల మందు కూడా మూడు నాలుగు రోజులు మించకూడదు. అలవాటైతే మందు వల్లే ముక్కు బిగుస్తుంది.

తేనె గురించి మీ జేజి అడిగింది. నల్లమల తేనె రోజూ నాకితే పుప్పొడి అలవాటవుతుందని ఎవరో చెప్పారట. చెంచులు తెచ్చే తేనె అమృతమే, దగ్గుకు ఉపశమనమే. కాని అందులో ఉండేది ఎక్కువగా తేనెటీగలు వాలిన పూల పుప్పొడి. నిన్ను తుమ్మించేది ఎక్కువగా గాలి మోసేది. అదీ ఎంత ఉందో ఎవరూ కొలిచి ఇవ్వరు. నిజంగా కొలిచి అలవాటు చేసే వైద్యం వేరే ఉంది. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ సూదిమందుగా ఇచ్చి చూపించాడు. ఇప్పుడు నాలుక కింద పెట్టే రకమూ వచ్చింది. మూడేళ్ళు ఓపిక పట్టాలి, ఏది పడదో పరీక్షలో తేలాలి, అలర్జీ నిపుణుడి చేతిలోనే జరగాలి. బిళ్ళలూ స్ప్రేలూ చాలనప్పుడు ఆలోచిద్దాం.

ఒక్కటి మాత్రం నాకు దాచకుండా చెప్పు. ఛాతీ పట్టేసినట్టున్నా, రాత్రి దగ్గుతో మెలకువ వచ్చినా, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు వినపడ్డా వెంటనే చెప్పు. ముక్కుదీ ఊపిరితిత్తులదీ ఒకటే దారి, ముక్కు అలర్జీ ఉన్నవాళ్ళలో చాలామందికి ఉబ్బసం తోడవుతుంది. అప్పుడు ఇన్‌హేలర్ కావాలి. మృగశిర కార్తె నాడు చేప మందుకు హైదరాబాదు పోయే బంధువులు మనకూ ఉన్నారు. పోయేవాళ్ళతో నాకు పేచీ లేదు గాని, ఇన్‌హేలర్ ఇంట్లో వదిలి పోవద్దని ప్రతి ఒక్కరికీ చెబుతాను.

ఊరు మొత్తం చెయ్యాల్సిన పనీ ఉంది. వయ్యారిభామను పూతకు రాకముందే, తొలకరి తడికి, గ్లవుజులేసుకుని వేళ్ళతో సహా పీకాలి. పూసినాక పీకితే పుప్పొడీ విత్తనాలూ మనమే చల్లినట్టు. ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతా దీనిమీద వారోత్సవం జరుపుతారు. మన బడి ప్రహరీ చుట్టూ ఆ వారంలో పీకించమని మీ హెడ్మాస్టరు గారిని అడుగుతాను. పీకిన చోట తంగేడు, తంటెం దట్టంగా మొలవనిస్తే ఇది అంత తేలిగ్గా తిరిగి రాదు. మెక్సికో నుంచి తెచ్చి 1984లో బెంగళూరు దగ్గర వదిలిన ఒక చిన్న పెంకుపురుగు కూడా దీని ఆకు తింటుంది. వానాకాలంలో ఆకుల మీద ఆ పురుగు కనపడితే చంపొద్దు.

ఇక బ్లాక్లీ చేసిన పని మనమూ చేద్దాం. రెండు గాజు స్లైడులకు పల్చగా వాజలీన్ రాసి, ఒకటి మిద్దె మీద, ఒకటి నీ పక్క దగ్గర ఒక పగలంతా పెడదాం. సాయంత్రం మీ బడి మైక్రోస్కోపులో వందరెట్లు పెద్దవి చేసి చూస్తే రేణువులు కనిపిస్తాయి. అయితే ఏది ఏ చెట్టుదో తెలియాలంటే ముందు ఒక్కో పూవు పుప్పొడినీ విడిగా స్లైడు మీద దులిపి, బొమ్మ గీసి పెట్టుకోవాలి. నెమలినార, చిల్లచెట్టు, గడ్డికంకి, వయ్యారిభామ, నాలుగూ కావాలి. పూలు మాత్రం నువ్వు కొయ్యొద్దు తల్లీ. గ్లవుజులు, మాస్కు వేసుకుని నేను తెస్తాను, నువ్వు స్లైడుల మీద పేర్లు రాయి.